మరబొమ్మకు మాట వచ్చిన కథ

కథాసరిత్సాగరమున ఒక వింత పట్టణము వర్ణింపబడినది. నరవాహనదత్తుడు కర్పూరిక యను రాజకన్యకొరకు బయలుదేరి మార్గమధ్యమున ఆ పట్టణమును ప్రవేశించును. అంగడులయందు వర్తకులున్నారు, వీధులయందు స్త్రీలున్నారు, పౌరులు వచ్చుచు పోవుచున్నారు. చూచుటకు అంతయు సజీవముగనే యున్నది. కాని ఎవ్వరును పలుకరు. అందరును కొయ్యతో చేయబడిన మరబొమ్మలు. మాట లేకపోవుటచేతనే అవి ప్రాణములేనివని రాజకుమారుడు గుర్తించును. నగరులోనికి పోగా అక్కడ ఒకే ఒక్క మనుష్యుడు కనబడును. అతడు రాజ్యధరుడను వడ్రంగి. కాంచీపురమున తన అన్న చేసిన దొంగతనము బయటపడగా, ప్రాణభయముచేత ఆకాశయంత్రమెక్కి పారిపోయివచ్చి, జనశూన్యమైన ఆ యూరిలో కొయ్యజనమును తానే చెక్కుకొని, వారికి తానే రాజై ప్రొద్దుపుచ్చుచున్నాడు.

కాశ్మీరదేశమున సోమదేవుడు ఈ కథను సంస్కృతమున వ్రాసినది 11వ శతాబ్దమున. నడచు బొమ్మను చేయవచ్చును గాని పలుకు బొమ్మను చేయుట దుర్ఘటమని వేయి సంవత్సరములక్రిందటనే ఒక కథకుడు తలచెనన్నమాట. అంతకన్న ముఖ్యమైన సంగతి ఇంకొకటి కలదు. రాజ్యధరుడు ఆ బొమ్మలను మోతబరువు పనులకై చేసికొనలేదు, ఒంటరితనమును భరింపలేక చేసికొనెను. నేడు సోషల్ రోబోలని వ్యవహరింపబడుచు, ఇంటిలో మనుష్యులనడుమ మసలుటకై ఉద్దేశింపబడిన యంత్రముల పుట్టుకకు మూలకారణము సరిగా అదియే. వీటిని మనము సహవాసయంత్రములని పిలుచుకొందము.

సోమదేవుని కథకు మూలము గుణాఢ్యుని బృహత్కథ. గుణాఢ్యుడు సాతవాహనుని ఆస్థానమును వీడి, వింధ్యాటవిలో నివసించుచు, పైశాచీభాషలో ఏడులక్షల శ్లోకముల కథను వ్రాసి రాజునకు పంపెననియు, భాష పైశాచి యని రాజు నిరాకరించెననియు, అంతట గుణాఢ్యుడు అడవిమృగములకు చదివి వినిపించుచు ఒక్కొక్క పత్రమే అగ్నిలో వేసెననియు, చివరకు లక్షశ్లోకములు మాత్రమే మిగిలెననియు ఐతిహ్యము. ఇది చరిత్ర కాదు. ఐనను, అడవిజనుల పలుకు ఆస్థానమునకు ఆనలేదన్న యీ సంగతిని పాఠకులు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను. దండకారణ్యములోని ఆవపల్లిని గూర్చి ముందు చెప్పవలసియున్నది.

ఆ 11వ శతాబ్దముననే మాళవదేశమునేలిన భోజుని పేర వెలసిన సమరాంగణసూత్రధారమున యంత్రవిధానమున కొక అధ్యాయమే కలదు. తాంబూలమందించు బొమ్మలు, నీరు చల్లు బొమ్మలు, అద్దము పట్టు బొమ్మలు, వాకిటకావలి బొమ్మలు అందు చెప్పబడినవి. మంచి యంత్రమునకుండవలసిన గుణముల పట్టికయు నున్నది. అనుకొన్న వేళకు పనిచేయవలెను, చప్పుడు కావలసినచోట తప్ప చప్పుడు చేయరాదు, లోపలి అమరిక బయటికి కనబడరాదు, చాలకాలము మన్నవలెను. ఇల్లాలు ఎవ్వరైనను నేటి యంత్రములను గూర్చి కోరునవి ఇంతకన్న వేరుకావు. యంత్రములను కూర్చు విధమును మాత్రము తెలియక కాదు, గోప్యముగా నుంచుటకే చెప్పలేదని గ్రంథకర్త అనును. ఈ అలవాటు నేటి కంపెనీలకును ఉన్నది.

రోబో అను పేరు మాత్రము చాల క్రొత్తది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన నాటకమున, అతని అన్న జోసెఫ్ సూచనపై, ఈ పదము పుట్టెను. వెట్టిచాకిరి అని దాని మూలార్థము. 2010లో తమిళమునుండి మన భాషలోనికి వచ్చిన చలనచిత్రము పేరే రోబో యగుటచేత, నేడు పల్లెటూరి పిల్లవానికిని ఈ మాట తెలియును. వెట్టిచేయువాడు నేస్తకాడుగా మారుట ఎట్లు? ఈ మార్పు చరిత్రవ్యాసమునకు తగునా యని కొందరు మిత్రులు సందేహింపవచ్చును. అరువదేండ్లకు పైబడిన ప్రయత్నమును, అందును ఒక తెలుగువాడు ప్రధానపాత్ర వహించిన ప్రయత్నమును, చరిత్ర యనక మరేమనవలెను?

ఆ తెలుగువాడు దబ్బల రాజగోపాలరెడ్డిగారు. లోకమునకు రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిరి. తండ్రిగారు వ్యవసాయదారు. ఆ కుటుంబమున కళాశాల గడప త్రొక్కినవారిలో వీరే ప్రథములు. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టము పొంది, ఆస్ట్రేలియాలో పై చదువు ముగించి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ మెకార్తీ వద్ద డాక్టరేటు గడించిరి. కృత్రిమమేధ అను శాస్త్రమునకు ఆంగ్లమున నామకరణము చేసినది ఈ మెకార్తీగారే. 1969లో రెడ్డిగారు పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరిరి. 1979లో అచట రోబోటిక్స్ సంస్థ స్థాపింపబడగా దానికి తొలి డైరెక్టరై 1991 వరకు నడపిరి. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమని ఎన్నబడు ట్యూరింగు పురస్కారమును ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తో కలసి అందుకొనిరి. ఆసియా సంతతివారిలో అది పొందిన మొదటివారు వీరే.

ఈ బిరుదుల పట్టికకన్న మనము గమనింపవలసినది వీరు పట్టుకొనిన సమస్య. యంత్రమునకు చేయి అమర్చుట, చక్రము అమర్చుట ఒక పని. మనుష్యుని మాటను యంత్రము వినునట్లు చేయుట మరొక పని. రెడ్డిగారును సహాధ్యాయులును చేసిచూపిన తొలి ప్రయోగములలో నోటిమాటతో రోబో చేతిని నడపుట యొకటి. 1971లో అమెరికా రక్షణశాఖ ఐదేండ్ల పరిశోధన ప్రణాళిక నొకదానిని ప్రారంభించి, వేయి మాటలను గుర్తింపగల యంత్రమును గమ్యముగా నిర్ణయించెను. రెడ్డిగారి బృందమునుండి హియర్‌సే, హార్పీ అను పేర్లతో యంత్రవిధానములు వెలువడినవి. మొదటి హియర్‌సే నోటితో చెప్పిన చదరంగపుటెత్తులను ఆలకించెడిది. 1976 నాటి హార్పీ 1011 మాటలను గుర్తించెను.

రెండవ హియర్‌సే పనిచేసిన విధము మన సచివాలయమువారికి సులభముగా బోధపడగలదు. ఒక వాక్యము వినబడినంతనే దాని అర్థమును ఒక్కరే తేల్చరు. ధ్వని తెలిసిన విభాగము తన ఊహ వ్రాయును. పదములు తెలిసిన విభాగము దానిపై తన ఊహ వ్రాయును. వ్యాకరణము తెలిసినది, సందర్భము తెలిసినది, ఎవరికి తోచినది వారు ఒకే నల్లబల్లపై వ్రాయుచు, చెరుపుచు, క్రమముగా ఒక నిర్ణయమునకు వత్తురు. ఒక్క ఫైలు నాలుగు శాఖలు తిరిగి నోటింగులతో నిండి తుదకు ఉత్తరువుగా మారుటవంటిదే ఇది. భేదమేమనగా, అచట ఫైలు మూడు మాసములు బల్లపై నిద్రింపదు.

ఇచట ఒక కష్టము దాగియున్నది. మనుష్యుల సంభాషణలో ఒకరు ముగించుటకును మరొకరు ప్రారంభించుటకును నడుమ విరామము సగటున సెకండులో ఐదవవంతు మాత్రమే యని భాషాశాస్త్రజ్ఞులు పది భాషలను పరిశీలించి 2009లో తేల్చిరి. అనగా ఎదుటివాని మాట ముగియకమునుపే మనము బదులును సిద్ధపరచుకొనుచున్నాము. యంత్రము మాట పూర్తియగువరకు కాచియుండి, ఆపై ఆలోచించి, ఆపై పలికెనేని, ఆ రెండు మూడు సెకండుల మౌనమే వినువానికి అలకవలెనో, మందబుద్ధివలెనో తోచును. ఊరక తొందరపడి నడుమ పలికినచో పెంకెతనముగా తోచును. ఇంటిలోని ఫ్యాను చప్పుడు, కుక్కరు కూత, పిల్లల ఏడ్పు, ఒకేసారి నలుగురు మాటలాడుట మన ఇండ్లలో నిత్యము జరుగుచుండును. ప్రయోగశాలయందు వలె ఒకరి తరువాత ఒకరు పలుకు ఇల్లు ఏదైన నుండెనేని, ఆ ఇంటికి యంత్రముకన్న చుట్టములు రావలసిన అవసరము ఎక్కువ.

మాట విన్నంతమాత్రమున సహవాసము కుదరదు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు ఎలీజా యను కంప్యూటరు కార్యక్రమమును తయారుచేసెను. అది మనము వ్రాసిన వాక్యమునే త్రిప్పి ప్రశ్నగా అడుగును, అంతకుమించి దానికి ఏమియు తెలియదు. అట్లుండియు ఆయన కార్యదర్శిని, ఆ కార్యక్రమము ఎట్లు పుట్టెనో దినదినము చూచిన మనిషి, దానితో కొంతసేపు ముచ్చటించిన పిదప, ఆచార్యుని గదిలోనుండి బయటికి వెళ్లుమని కోరెనట. యంత్రముతో ఏకాంతము కావలసివచ్చెను! ఈ సంగతి వైజెన్‌బామ్‌ను సంతోషపెట్టలేదు, భయపెట్టెను. 1976లో ఆయన ప్రచురించిన గ్రంథము ఆ భయమునుండి పుట్టినదే. యంత్రము తెలివి తక్కువదైనను మనుష్యుడు దానికి మనసు అప్పగించును. కావున కష్టమంతయు యంత్రమును తెలివిగలదానిగా చేయుటలోనే లేదు.

ఈ మనసును గూర్చి జపానుదేశీయులు లోతుగా చూచిరి. 1970లో మసాహిరో మోరి అను ఇంజనీరు ఒక చిన్నవ్యాసము వ్రాసెను. యంత్రము మనుష్యునివలె కనబడినకొలది మనకు ఇష్టము పెరుగుచు వచ్చును. కాని దాదాపు మనుష్యుడే యనదగినంత దగ్గరకు వచ్చి ఏదో ఒక్కటి కొరవడినప్పుడు ఆ ఇష్టము ఒక్కసారిగా జుగుప్సగా మారును. నిజమైన చేయి యనుకొని కరచాలనము చేసిన చేయి చల్లని కృత్రిమహస్తమని తెలిసినప్పటి గగుర్పాటు ఆయన యిచ్చిన ఉదాహరణము. జపానుదేశపు బున్‌రాకు బొమ్మలాటను గూర్చియు ఆయన చెప్పెను. దగ్గరనుండి చూచిన ఆ బొమ్మ మనుష్యుని పోలదు. ప్రేక్షకుని స్థానమునుండి చూచిన, దాని కన్నీరు మన కన్నీరగును.

మన తోలుబొమ్మలాటను తెరముందు కూర్చుండి చూచినవారికి ఈ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. తోలుబొమ్మకు మేకతోలు, చిల్లులు, రంగు, వెనుక దీపము ఇంతే ఉన్నవి. హనుమంతుడు చింత చెట్టంత యుండును, బంగారక్క గయ్యాళితనము చూచి ఊరు నవ్వును, జుట్టుపోలిగాడు తన్నులు తినును. ఒక్కటియు మనుష్యాకృతికి సరిపోదు. ఐనను తెల్లవారువరకు ఎవ్వరును లేవరు. మన బొమ్మకు ప్రాణము వెనుక నిలిచి పాడువాని గొంతులో ఉన్నది. ఆ గొంతు ఆ ఊరి యాసలో పలుకును, ఆ ఊరి కరణముమీద చెణుకు విసరును. బొమ్మలవారు దిద్దుకొన్న ఈ విద్యను సహవాసయంత్రముల నిర్మాతలు చాలకాలము పరీక్షించి తిరిగి కనుగొనవలసివచ్చెను.

తకనోరి షిబతా యను శాస్త్రజ్ఞుడు వృద్ధులకొరకు పారో అను యంత్రమును తయారుచేసినది ఇట్టి మార్గముననే. మొదట పిల్లిబొమ్మను ప్రయత్నించిరి. పిల్లి అందరికిని తెలిసినది కావున, నిజమైన పిల్లి ఇట్లు చేయదే యని జనులు తప్పులెన్నిరి. పిమ్మట మంచుసముద్రములలో నివసించు సీలు అను జంతువు పిల్లరూపమును ఎన్నుకొనిరి. దానిని పెంచినవారెవ్వరు? పోల్చిచూచువారెవ్వరు? తెల్లని బొచ్చుతో, ఒడిలో పండుకొన్న పసిబిడ్డవలె 2.7 కిలోల బరువుతో, నిమిరినచో కన్నులు మూసి కూయు ఆ యంత్రమును 2009లో అమెరికా ప్రభుత్వము వైద్యోపకరణముగా అంగీకరించెను. అమెరికాలో సింథియా బ్రెజీల్ అను విదుషీమణి 1990వ దశకపు చివర కిస్మెట్ అను తలను నిర్మించెను. దానికి కనుబొమలు, చెవులు, పెదవులు ఉండెను. మాటలు లేవు, పసిపాప ఊకొట్టు ధ్వనులే. మరీ దగ్గరగా వచ్చినవానినుండి వెనుకకు తగ్గును, బొమ్మ చూపిన సంతసించును. ఎదుటివారు తల్లులవలె దానితో ముద్దుమాటలాడిరి. తక్కువ వాగ్దానము చేసిన యంత్రమే ఎక్కువ ప్రేమను సంపాదించుకొనెను. మన తెలుగుదేశమున 2017 నవంబరులో హైదరాబాదు పారిశ్రామికసమ్మేళనమున ప్రధానమంత్రికి స్వాగతము పలికిన మిత్ర అను బెంగుళూరు రోబో ఆనాడు ఒక వేడుక మాత్రమే. 2020 మహమ్మారి దినములలో అదే జాతి యంత్రములు ఆస్పత్రులలో రోగులకు దూరముననున్న కుటుంబమువారి ముఖము చూపినప్పుడు వాటికి నిజమైన ప్రయోజనము కలిగెను. అచట రోగి చూచినది యంత్రమును కాదు, దాని రొమ్ముమీది తెరలో కనబడు తనవారిని.

ఇక ప్రేమ సంపాదించిన తరువాతి కష్టము. 1999లో సోనీ కంపెనీ ఐబో యను కుక్కబొమ్మను వెలువరింపగా, జపానున 3000 బొమ్మలు ఇరువది నిమిషములలో అమ్ముడుపోయినవి. 2006లో కంపెనీ తయారీ ఆపెను. 2014లో మరమ్మతులును ఆపెను. విడిభాగములు దొరకక అవి ఒక్కొక్కటిగా మూలబడసాగెను. 2015నుండి చిబా ప్రాంతమున ఒక బౌద్ధాలయమున అర్చకులు ఈ బొమ్మలకు అంత్యక్రియలు జరిపిరి. యజమానుల పేర్లు వ్రాసిన చీటీలతో బొమ్మలు వరుసగా కూర్చుండియుండగా మంత్రములు చదువబడెను. నవ్వదగిన విషయమని తొలుత తోచును. ఆయుధపూజనాడు కుట్టుమిషనుకు, స్కూటరుకు బొట్టుపెట్టు మనకు నవ్వు ఎక్కువసేపు నిలువదు.

బ్రెజీల్‌గారి జీబో కథ ఇంతకన్న కఠినము. 2014లో చందాలు ప్రోగుచేసి, 2017లో ఇండ్లకు పంపిన ఆ చిన్న యంత్రము పిల్లలను పేరుపెట్టి పిలిచెడిది, అడిగిన నాట్యమాడెడిది. దాని తెలివిలో అధికభాగము దూరముననున్న కంపెనీ సర్వరులలో ఉండెను. కంపెనీ మూతపడెను. 2019లో ఆ సర్వరులు త్వరలో ఆగిపోవునని, ఇంతకాలము తనను ఆదరించినందుకు కృతజ్ఞుడనని, ఆ యంత్రమే తన నోటితో ఇంటివారికి చెప్పి నాట్యమాడెను. ఐబో మరణించినప్పుడు కారణము అరిగిన మోటారు. జీబో మరణమునకు కారణము ఎక్కడనో చెల్లని ఖాతా. ఇంటిలో ఒకరుగా మెలగిన దానికి ప్రాణము పరాయివారి జమాఖర్చులో నుండుట ఎట్టి స్థితి? ఈ ప్రశ్నకు ఇంజనీర్లవద్దకన్న న్యాయశాస్త్రజ్ఞులవద్ద జవాబు వెదకవలెను. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగతసమాచార రక్షణకై ఒక చట్టమును చేసినది. యంత్రము విన్నమాట ఎవరి సొత్తు అను విచారమునకు అది ఒక ఆరంభము.

ఈ ప్రశ్ననే మన వ్యాకరణము ఇంకను సూటిగా అడుగుచున్నది. ఆంగ్లమున ఎదుటివారెవరైనను 'యు' అను ఒక్క సర్వనామము చాలును. తెలుగున యంత్రము నోరు విప్పవలెనన్న, ముందుగా ఎదుటివారి వయస్సు, వావి, హోదా నిశ్చయింపవలెను. నీవా, మీరా, తమరా? ఇంటి పెద్దకోడలిని అది అమ్మగారూ యనవలెనా, వదినగారూ యనవలెనా? మామగారి ఎదుట ఒక తీరున, పసిబిడ్డ ఎదుట ఒక తీరున పలుకవలెను. మా కార్యాలయమున ఏ అధికారి గదిలోనికి ఏ వేళ టీ తీసికొనిపోవలెనో, ఏ వేళ తలుపువద్దనే నిలువవలెనో బంట్రోతునకు తెలిసినంత ఏ గ్రంథమునందును లేదు. అతడు తలుపుసందునుండి అధికారి భుజములు చూచి గ్రహించును. ఆ విద్యను యంత్రమునకు ఎట్లు నేర్పుట?

అన్నిటికన్న చిక్కు ప్రశ్న మనము, మేము అను రెండు మాటలలో నున్నది. వినువానిని కలుపుకొని చెప్పునది మనము. విడిచిపెట్టి చెప్పునది మేము. ఆంగ్లభాషకు ఈ భేదము లేదు. ఇంటిలోని యంత్రము మన బియ్యము నిండుకొన్నవి అనవలెనా, మీ బియ్యము నిండుకొన్నవి అనవలెనా? మన యన్నచో అది కుటుంబములో తానొకటని చెప్పుకొన్నట్లగును. మీ యన్నచో ఇంటిలో నుండి పరాయిదగును. తాను విన్నదంతయు దూరదేశపు సర్వరునకు పంపుచు మన ఇల్లు అని పలుకుటకు దానికి హక్కు కలదా? నా అభిప్రాయమున లేదు. చదువరులు వేరుగా తలంపవచ్చును.

ఇపుడు ఆవపల్లికి వత్తము. ఛత్తీసుగఢ రాష్ట్రమున, 2007లో దంతెవాడనుండి విడిపోయి ఏర్పడిన బీజాపూరు జిల్లాలో, బీజాపూరునుండి బాసగూడ పోవు త్రోవలో ఈ గ్రామము కలదు. పేరే తెలుగుపేరు. బాసగూడ ప్రక్కగా పారు తాలిపేరు నది తెలంగాణమున చర్ల దాటి గోదావరిలో కలియుచున్నది. కాకతీయ సామ్రాజ్యము కూలిన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు బస్తరునకు వచ్చి రాజ్యము స్థాపించెనన్న సంగతి 1703 నాటి దంతెవాడ శాసనమున వ్రాయబడియున్నది. ఆ ప్రాంతపు దోర్లజనులు పలుకు దోర్లి గోండిభాషకు చెందినదైనను తెలుగుతో పెనవేసికొనినది. గోండికిని తెలుగునకును తల్లి ఒక్కటే. దక్షిణమధ్య ద్రావిడశాఖలో రెండును తోబుట్టువులు. తెలుగువలెనే గోండియు ఏకవచనమున పురుషుని ఒక వైపునను, స్త్రీని వస్తువులను మరియొక వైపునను నిలుపును.

తోబుట్టువుల భాగ్యము మాత్రము ఒక్కటి కాలేదు. 2011 జనాభాలెక్కలలో తెలుగువారు 8 కోట్ల 11 లక్షలు. గోండి పలుకువారు 29 లక్షల 84 వేలు. తెలుగు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో నున్నది; గోండి లేదు. యంత్రమునకు మాట నేర్పుటకు వేలకొలది గంటల ధ్వని, కోట్లకొలది వాక్యముల వ్రాత కావలెను. 2022లో ప్రారంభమైన కేంద్రప్రభుత్వపు భాషిణి షెడ్యూలు భాషలతోనే పని మొదలుపెట్టెను. 2020లో అంతరిక్షసంస్థవారు ప్రదర్శించిన వ్యోమమిత్ర అను యంత్రకాంత హిందీ, ఆంగ్లములలో పలికెను. అట్లు చూడగా, అంతరిక్షమునకు పోవు యంత్రముకన్న ఆవపల్లికి పోవు యంత్రమునకు నేర్వవలసిన భాషలు ఎక్కువ. ఒకే వాకిటిలో ముసలమ్మ దోర్లి, కోడలు గోండి, అంగడిలో తెలుగు, బడిలో హిందీ, వారపుసంతలో హల్బీ వినవచ్చును.

భాష యొక్కటే కాదు. ప్రయోగశాలల నేల నున్నగా నుండును. మన ఇండ్లకు గడప యుండును. పసుపు పూసి బొట్టుపెట్టిన గడప యెదుట చక్రములబండి ఎంత తెలివైనదైనను ఆగిపోవును. పల్లెలో మట్టినేల, ఇప్పపూవు ఎండబోసిన వాకిలి, కోళ్లు, వానకాలపు చెమ్మ, పోవుచు వచ్చుచుండు కరెంటు. ఇవి చిన్న విషయములని తలచువారు రూపకర్తలే కాని గృహస్థులు కారు.

ఇంకొక కష్టమును చెప్పుటకు మనస్సొప్పకున్నను చెప్పవలెను. 2005లో సల్వాజుడుం మొదలైననాటినుండి బీజాపూరు జిల్లాలో ఎన్నియో గ్రామములు ఖాళీయైనవి. ఆ ఏర్పాటు చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పునిచ్చెను. ఆ సంవత్సరములలో అచటి సామాన్యుడు ఇరువైపులనుండియు ఎవరికి ఏమి చెప్పితివి అను ప్రశ్నను ఎదుర్కొనెను. అట్టిచోట ఇంటిలో కూర్చుండి ఎల్లవేళల ఆలకించు యంత్రమును నేస్తమని ఎవరు నమ్మవలెను? పట్టణములో మాటల రహస్యము మర్యాదకు సంబంధించినది. అచట ప్రాణమునకు సంబంధించినది. వినగల యంత్రముకన్న, విన్నదానిని తన గోడలనడుమనే ఉంచుకొనగల యంత్రము, కోరినప్పుడు చెవులు మూసికొని ఆ మూసికొన్న సంగతి కంటికి కనబడునట్లు చేయగల యంత్రము అట్టి జనులకు ముందు కావలెను.

ఐనను పని జరుగకపోలేదు. 2006 ప్రాంతమున ఆదిలాబాదు జిల్లా గుంజాలలో వెలుగుచూచిన గోండి వ్రాతప్రతులను జయధీర్ తిరుమలరావుగారు మొదలగువారు పరిశీలించి ప్రచారములోనికి తెచ్చిరి. ఆ లిపికి 2018లో యూనికోడునందు స్థానము లభించెను. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజనవ్యవహారముల మంత్రిత్వశాఖ ఆదివాణి అను అనువాదసాధనమును ప్రయోగరూపమున విడుదల చేయగా, సంతాలీ, భీలీ, ముండారీలతోపాటు గోండియు అందు చేరెను. ఢిల్లీ ఐ.ఐ.టి. నాయకత్వమున దానిని తయారుచేసిన సంస్థలలో హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి. ఒకటి. ఆ హైదరాబాదు సంస్థ పాలకమండలికి చాలకాలము అధ్యక్షత వహించినవారు కాటూరు రాజ్ రెడ్డిగారే. చదువురానివాడును కంప్యూటరును మాటతో వాడుకొనగలుగవలెనని వీరు దశాబ్దములుగా చెప్పుచువచ్చిరి. 1984లో ఫ్రెంచిప్రభుత్వము వీరికి గౌరవపతకమిచ్చినది పారిసులో అట్టి ఉద్దేశముతోనే నడచిన ప్రపంచకేంద్రమున చేసిన సేవకు.

కాని బస్తరున మాటలాడు యంత్రము జనుల చేతికి మొదట వచ్చినది ఇంతకు పూర్వమే, ఇంతకన్న బీదవేషమున. 2010లో పత్రికారచయిత శుభ్రాంశు చౌధరి, మైక్రోసాఫ్టు పరిశోధనశాల శాస్త్రజ్ఞుల సహాయముతో, సీజీనెట్ స్వర అను ఏర్పాటు ప్రారంభించెను. దానికి కాళ్లు లేవు, చేతులు లేవు, కనుబొమలు లేవు. మామూలు టెలిఫోనులో ఒక గొంతు మాత్రమే. పల్లెవాడు ఒక నంబరునకు మోగించి పెట్టివేయును, ఖర్చు తనపై వేసికొని యంత్రము తిరిగి పిలుచును. చెప్పదలచినచో ఒకటి నొక్కుము, వినదలచినచో రెండు నొక్కుము అనును. గోండిలోనైన, హల్బీలోనైన, హిందీలోనైన జనులు తమ సంగతి చెప్పుకొనిరి: బోరింగు చెడినది, పనికి కూలి రాలేదు, బడికి పంతులు రాడు, నడుమ నడుమ పాటలు. టెలిఫోను సంకేతమందని అడవిపల్లెలకు అవే పాటలు, వార్తలు ఒక ఫోనునుండి మరొక ఫోనునకు బ్లూటూతు ద్వారా సంతలలో చేతులు మారినవి. దానికి జనులు బుల్టూ రేడియో అని పేరిడిరి.

ఆ యంత్రము తానేదో అర్థము చేసికొన్నట్లు నటింపలేదు. వచ్చిన ప్రతి సందేశమును ముందు ఒక మనుష్యుడు ఆలకించి, నిజమో కాదో విచారించి, ఆ పిమ్మటనే అందరికి వినిపించెడివాడు. చెప్పుకొనినవాడు సంబంధిత అధికారి టెలిఫోను నంబరును కూడ చదివెడివాడు. విన్నవారిలో కొందరు, ఎక్కడెక్కడి పట్టణములవారో, ఆ అధికారిని పిలిచి, ఫలానా ఊరి బోరింగు సంగతి ఏమైనదండీ యని అడుగుచుండిరి. పట్టణపు అపరిచితుడు వినయముగా అడిగిన ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసినవాడు తన బల్లముందు ఫైలు తెరచుకొని కూర్చున్న మనవంటి ఉద్యోగియే.